శరత్కాలపు నదిలో స్మాల్‌మౌత్ బాస్ వేట: సస్క్వెహానా నదిని ఆధారం చేసుకున్న సమగ్ర మార్గదర్శి

పెన్సిల్వేనియా రాజధాని హారిస్‌బర్గ్ వద్ద సస్క్వెహానా నది దాదాపు మైలు వెడల్పున పారుతుంది గానీ, సెప్టెంబరులో దానిలో చాలాచోట్ల నడుము లోతు నీరు కూడా ఉండదు. ఆ పలుచని నీటిలో, నదికి అడ్డంగా పరచుకున్న రాతి వరుసల మధ్య వేసవి అంతా చెదిరి బతికిన స్మాల్‌మౌత్ బాస్ చేపలు, చలి మొదలవగానే కదలి, నవంబరు చివరికల్లా కొద్దిపాటి మడుగుల్లోకి చేరుకుంటాయి. ఈ మధ్యకాలంలో చేప ఎక్కడిదాకా వచ్చిందో అంచనా వేసి, అక్కడికి గాలం చేర్చడమే శరత్కాలపు వేట. చలికాలం ముందు బాస్ కంటబడినదల్లా మింగుతుందని వేటగాళ్లు తరచూ చెప్పుకుంటారు. అది సగమే నిజం. నీరు నిలకడగా, నెమ్మదిగా చల్లబడుతున్నంతకాలం చేప బాగా తింటుంది; ఒక్క రాత్రిలో నాలుగైదు డిగ్రీలు పడిపోతే, అదే చేప ఒకటి రెండు రోజులు నోరు విప్పదు. అందుచేత ఈ మార్గదర్శిలో క్యాలెండరు కన్నా ఉష్ణమాపకానికే పెద్దపీట వేశాను.

ఇక్కడ చెప్పిన పద్ధతి సస్క్వెహానాకు, డంకానన్ దగ్గర దానిలో కలిసే జునియాటాకు నేరుగా వర్తిస్తుంది. పొటోమాక్, షెనన్‌డోవా, జేమ్స్ వంటి తూర్పు నదులకు కూడా చిన్న మార్పులతో సరిపోతుంది. నిజానికి స్మాల్‌మౌత్ ఈ తూర్పు నదుల సొంత చేప కాదు. గ్రేట్ లేక్స్, ఒహాయో, ఎగువ మిసిసిపీ పరీవాహకాలు దాని పుట్టిల్లు. 1854లో ఒహాయో పరీవాహకం నుంచి కొన్ని చేపలను రైలింజను వెనుక ఉండే నీటితొట్టిలో తెచ్చి, మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్ వద్ద పొటోమాక్‌లో వదిలారు. ఇప్పుడు చూస్తే ఈ నదులన్నీ దాని కోసమే ఏర్పడ్డాయా అనిపిస్తుంది.

అనుమతులు, నిబంధనలు

పెన్సిల్వేనియాలో పదహారేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ చేపల వేట లైసెన్సు తప్పనిసరి. దానిని రాష్ట్ర ఫిష్ అండ్ బోట్ కమిషన్ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. వీసా మీద ఉన్నవారికైనా, పౌరులకైనా నియమం ఒక్కటే. మధ్య సస్క్వెహానాలోనూ జునియాటా దిగువ భాగంలోనూ పట్టిన బాస్‌ను వెంటనే నీటిలోకి వదలాలన్న ప్రత్యేక నిబంధన ఉంది. 2005 నుంచి అక్కడ పిల్ల బాస్‌లు జబ్బుపడి పెద్ద సంఖ్యలో చనిపోవడం గమనించిన తర్వాత తెచ్చిన కట్టుబాటు అది. పులుసు ఆలోచనతో బయలుదేరేవారు ఆ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. నిబంధనల హద్దులు మారుతుంటాయి కనుక, మీరు దిగబోయే రేవు ఏ భాగంలోకి వస్తుందో ఆ ఏటి నియమావళిలో చూసుకోవాలి.

మరో ముఖ్యమైన నియమం సరిగ్గా శరత్కాలానికి సంబంధించినది: నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు పదహారు అడుగుల లోపు పడవలోనైనా, ఏ కయాక్‌లోనైనా, కెనూలోనైనా ఉన్నవారు లైఫ్ జాకెట్‌ను ఒంటిమీద ధరించే ఉండాలి. పడవలో పక్కన పెట్టుకుంటే చాలదు.

నదిని ఇంటి నుంచే చదవడం

బయలుదేరే ముందురోజు చూడవలసినవి మూడు: నది మట్టం, ప్రవాహం, నీటి ఉష్ణోగ్రత. అమెరికా భూగర్భ సర్వే సంస్థ చాలా నదుల మీద కొలమానాలు పెట్టి, మట్టాన్ని అడుగుల్లోనూ ప్రవాహాన్ని సెకనుకు ఘనపుటడుగుల్లోనూ రోజంతా ప్రకటిస్తుంది. సెకనుకు ఘనపుటడుగు అంటే మన క్యూసెక్కే కాబట్టి, ప్రకాశం బ్యారేజీ దగ్గర ఇన్‌ఫ్లో ఎంత, అవుట్‌ఫ్లో ఎంత అని పత్రికల్లో చదువుతూ పెరిగినవారికి ఆ పట్టికలు కొత్తగా తోచవు. కొన్ని కేంద్రాలు నీటి ఉష్ణోగ్రతను కూడా చూపుతాయి.

అంకె కన్నా దాని దిశ ముఖ్యం. మట్టం రెండు మూడు రోజులుగా నిలకడగా ఉన్నా, వాన తర్వాత మెల్లగా దిగుతూ ఉన్నా పరిస్థితి అనుకూలం. దిగుతున్న నీరు బురద రంగు వదిలి లేత ఆకుపచ్చకు తిరిగి, రెండు నుంచి నాలుగు అడుగుల లోతు వరకు రాళ్లు కనిపిస్తూ ఉంటే, ఏడాది మొత్తంలో అంతకు మించిన నీరు దొరకడం అరుదు. మట్టం అప్పుడే ఎక్కడం మొదలైతే తొలి కొన్ని గంటలు కూడా బాగుంటాయి, ఎందుకంటే వడి పెరిగేకొద్దీ చేపలు నడినదిని విడిచి ఒడ్డువార మందనీటిలోకి వస్తాయి. ఆ తర్వాత చెత్త, దుంగలు కొట్టుకొస్తున్నప్పుడు మాత్రం ఇంట్లో ఉండడమే తెలివైన పని. శరత్కాలం ఇక్కడ తుఫానుల అవశేషాలు వచ్చే కాలం కూడా. 2011 సెప్టెంబరులో లీ తుఫాను వల్ల హారిస్‌బర్గ్ వద్ద నది ఇరవై ఐదు అడుగుల మట్టాన్ని తాకింది.

నది దగ్గరికి వెళ్లాక మాత్రం మీ సొంత ఉష్ణమాపకాన్ని నమ్మండి. చిన్న ఉష్ణమాపకానికి దారం కట్టి, నీడలో, పారే నీటిలో రెండు నిమిషాలు ఉంచి చదవాలి. ఎండ తగిలే ఒడ్డు గుంటలో కొలిస్తే తప్పుడు అంకె వస్తుంది. ఇక్కడి పరికరాలన్నీ ఫారెన్‌హీట్‌లో ఉంటాయి కనుక నేనూ ఆ లెక్కే వాడుతున్నాను: 70 అంటే సుమారు 21 సెల్సియస్, 60 అంటే పదిహేనున్నర, 50 అంటే పది, 40 అంటే నాలుగున్నర.

సామగ్రి

ఆరడుగుల పది అంగుళాలకు కాస్త అటూ ఇటూగా, మీడియం బలంతో, కొన మాత్రమే చురుగ్గా వంగే స్పిన్నింగ్ రాడ్ (గాలపు కర్ర) ఒకటి; 2500 పరిమాణపు రీల్ (దారం చుట్టే చక్రం); పది పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ లైను, అంటే అల్లిన దారం; దాని చివర ఎరకు ముందు కట్టే పారదర్శకమైన ఎనిమిది పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం (లీడరు) ఐదారడుగులు. ఈ ఒక్క జతతో సీజనంతా గడిపేయవచ్చు. దుకాణంలో దీనికి మించి అంటగట్టేవన్నీ సరదా కోసమే. బ్రెయిడ్‌కు సాగుడు లేకపోవడం వల్ల అడుగున రాయి తగిలిందా, చేప ముట్టిందా అన్న తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. లీడరు నీటిలో సరిగా కనబడదు, రాళ్ల రాపిడినీ తట్టుకుంటుంది. రెండింటినీ డబుల్ యూని ముడితో కలపవచ్చు.

మన ఊళ్లలో బెండు కట్టి, తౌడు ముద్దతో బొచ్చె కోసం, శీలావతి కోసం గంటలకొద్దీ కూర్చున్న అలవాటు ఇక్కడ అక్కరకు రాదు. స్మాల్‌మౌత్ వేటాడి తినే చేప. కదిలే క్రేఫిష్‌లు (రొయ్యను పోలిన మంచినీటి జీవులు), చిన్న చేపలు, నీటి పురుగులు దాని ఆహారం. ఆ రకంగా చూస్తే అది కొరమీనుకు దగ్గర. అందువల్ల సజీవంగా కదిలినట్టు కనిపించే కృత్రిమ ఎరలే వాడతాం. నా పెట్టెలో ఉండేవి ఇవి: మూడున్నర అంగుళాల ట్యూబ్‌లు (మెత్తని గొట్టంలాంటి బోలు ఎరలు), వాటిలో దూర్చే ఔన్సులో ఎనిమిదో వంతు నుంచి నాలుగో వంతు వరకు బరువున్న సీసపు జిగ్ తలలు (గాలానికి పోతపోసిన సీసపు ముద్దలు), నీటి మధ్యలో తేలకుండా, మునగకుండా నిలిచే, చిన్న చేప ఆకారపు జెర్క్‌బెయిట్‌లు, తోక ఆడించే మూడు నాలుగు అంగుళాల స్విమ్‌బెయిట్‌లు, తెలుపు, చార్ట్రూజ్ (పసుపు కలిసిన మెరిసే ఆకుపచ్చ) రంగుల స్పిన్నర్‌బెయిట్‌లు (లాగినప్పుడు లోహపు రేకు తిరిగే ఎరలు), నీటిపైన నడిచే టాప్‌వాటర్ ఎర ఒకటి రెండు, చివరి చలికి మెత్తని ఈకలు కట్టిన జిగ్‌లు. తేటనీటికి ఆకుపచ్చ, గోధుమ రంగులు, కలకనీటికి తెలుపు, చార్ట్రూజ్ అన్నది మోటు సూత్రమే అయినా ఎక్కువసార్లు నిలబడుతుంది. గాలాలన్నిటికీ ఎదురుముల్లును పట్టకారుతో నొక్కేస్తే చేపను వదలడం తేలికవుతుంది.

నీరు 70 నుంచి 60 డిగ్రీల వరకు

సెప్టెంబరు, అక్టోబరు తొలి వారాలు సాధారణంగా ఈ దశలోకి వస్తాయి. చేపలు ఇంకా వేసవి తావుల్లోనే ఉంటాయి: రాళ్ల మీద గలగల పారే వడినీటి కింద, రాతి వరుసల వెనుక, నీటిగడ్డి అంచుల్లో. ఆ ఏడాది పుట్టిన చిన్న చేపలు గుంపులుగా పలుచనీటిలో తిరుగుతుంటాయి గనుక పొద్దుపొడుపునూ మునిమాపునూ బాస్ వాటిని తరుముకుంటూ పైకి వస్తుంది. నీటిపైన చిట్లిన చప్పుడు వినిపించిన చోటికి టాప్‌వాటర్ ఎర వేసి, ఆగి, తిరిగి లాగండి. చేప ఎగిరి కొట్టిన క్షణంలోనే రాడ్ విదిలిస్తే ఎర దాని నోట్లోంచి ఊడిపోతుంది. బరువు చేతికి తెలిసేదాకా ఓపిక పట్టాలి.

ఈ కాలపు కష్టం తక్కువ నీరు, అద్దంలాంటి తేటదనం. చేప ఎదురు ప్రవాహం వైపు తల పెట్టి నిలబడుతుంది కాబట్టి, దిగువ నుంచి ఎగువకు నడుస్తూ, నీడ నీటిపై పడకుండా, దూరం నుంచి విసరాలి. నడిచేటప్పుడు రాళ్లు దొర్లించకుండా ఉండడం ఖరీదైన రాడ్ కన్నా ఎక్కువ చేపలను తెచ్చిపెడుతుంది.

నీరు 60 నుంచి 50 డిగ్రీల వరకు

శరత్కాలమంతటిలో అసలైన వేట ఇక్కడే ఉంది, ఒక్క వారాంతమే వీలుపడేవారు దానిని ఈ దశకే దాచుకోవాలి. అక్టోబరు నడుమ నుంచి నవంబరు తొలి రోజుల వరకు చేపలు పలుచని రాతి మైదానాలను విడిచి, మడుగు వైపు కదులుతాయి. కొన్ని చేపలు కొన్ని వందల గజాలే కదిలితే, మరికొన్ని పదుల కిలోమీటర్లు ప్రయాణిస్తాయని, రేడియో పరికరాలు అమర్చి చేసిన పరిశీలనల్లో తేలింది. దీని వల్ల వేటగాడికి తెలిసే సంగతి ఒకటే: నెల కిందట చేపలు దొరికిన చోటు ఇప్పుడు ఖాళీగా ఉంటే ఆశ్చర్యపోకూడదు.

అప్పుడు ఎక్కడ వెతకాలి? ముందుగా నదిలో ఒక లోతైన మడుగును గుర్తించి, అక్కడి నుంచి ఎగువకూ దిగువకూ దారి వెతుక్కుంటూ రావాలి. మడుగులోకి వడినీరు వచ్చి నెమ్మదించే తల భాగం, మడుగు ముగిసి నేల తిరిగి పైకి లేచే తోక భాగం, మూడు నుంచి ఆరడుగుల నీటిలో ఒంటరిగా ఉన్న పెద్ద బండ, లంక దిగువ కొసన రెండు పాయలు కలిసే చోటు, వంతెన స్తంభం వెనుక మందనీరు, ఇవి ప్రయాణంలో చేపలు ఆగే మజిలీలు. అన్నిటికన్నా ముఖ్యంగా వడినీటికీ మందనీటికీ నడుమ ఏర్పడే గీతను చూడడం నేర్చుకోవాలి. నీటిపై నురగ, ఆకులు వరుసగా సాగే చోట ఆ గీత కంటికే కనిపిస్తుంది. చేప మందనీటిలో శ్రమ లేకుండా నిలబడి, వడినీరు మోసుకొచ్చే ఆహారాన్ని ఒక్క దూకుతో అందుకుంటుంది. కనుక ఎర వడినీటిలో పడి, గీతను దాటి మందనీటిలోకి రావాలి. ఎదురు దిశలో లాగితే ఏ చిన్న చేపా అలా ఈదదు.

ఈ దశలో నేను మొదట స్పిన్నర్‌బెయిట్‌నో స్విమ్‌బెయిట్‌నో వేసి, ప్రతి తావునూ త్వరగా వెతుకుతాను. ఒక చేప ముట్టిందంటే అక్కడ మరికొన్ని ఉంటాయి. అప్పుడు ఎర మార్చి, నిదానించి, ఆ తావును ట్యూబ్‌తో జల్లెడ పడతాను.

ట్యూబ్ వేసే పద్ధతిని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నదిలో ఎక్కువమంది ఓడిపోయేది దీని దగ్గరే. ఎగువ వైపు ఏటవాలుగా విసిరి, ఎర అడుగు తాకేదాకా రాడ్ కొన ఎత్తి ఉంచాలి. ఆపైన ప్రవాహమే దానిని దొర్లించుకొస్తుంది. మీ పని లైనులో జీరాడే భాగాన్ని మాత్రం చుట్టుకుంటూ, బిగుతుకూ వదులుకూ మధ్య ఉంచడం. ఎర అడపాదడపా రాళ్లను తాకుతూ రావాలి. అస్సలు తాకకపోతే జిగ్ తేలిక, ప్రతి విసురుకూ ఇరుక్కుంటే బరువెక్కువ. ఒక్కో రేవుకు, ఒక్కో మట్టానికి ఈ బరువు మార్చుకోవలసిందే. రాయి తగిలితే గట్టిగా ఒక దెబ్బ తెలుస్తుంది. చేప అందుకుంటే మెత్తని బరువు, లేదా లైను పక్కకు జరగడం, ఒక్కోసారి రావలసిన తాకిడి రాకపోవడం. అనుమానం వస్తే రాడ్ పైకి లేపండి, ఖర్చేమీ లేదు.

జెర్క్‌బెయిట్‌ను రెండు చిన్న కుదుపులు కుదిపి వదిలేయాలి. చేప దాదాపు ఎప్పుడూ ఆగి ఉన్నప్పుడే కొడుతుంది కనుక ఆ విరామమే అసలు పని. 60 డిగ్రీల దగ్గర ఒకటి రెండు సెకన్లు ఆగితే సరిపోతుంది. 50కి దిగేకొద్దీ ఐదు, పది సెకన్ల దాకా పెంచాలి. నీరు చల్లబడితే దాని సాంద్రత పెరిగి, సెప్టెంబరులో నిలకడగా నిలిచిన ఎర నవంబరులో మెల్లగా పైకి తేలుతుంది; పొట్టకు పలుచని సీసపు పట్టీ అంటించి సరిచేసుకోవచ్చు.

ఇక రాలిన ఆకులు. అక్టోబరు చివర గట్టి గాలి వీచిన మర్నాడు నదంతా ఆకులే. మూడు కొనల గాలాలున్న ఎర ప్రతి విసురుకూ ఒక ఆకును పట్టుకొస్తుంటే జెర్క్‌బెయిట్ పక్కన పెట్టి, ఒక్క కొన పైకి తిరిగి ఉండే జిగ్‌కు మారడమే ఉపాయం. ఆకులు ప్రధాన ప్రవాహం వెంట బారులు తీరుతాయి, సుడుల్లో పోగవుతాయి; వాటి నడుమ తేటగా ఉండే దారులను ఎంచుకుని వేయాలి.

రోజులో వేళ కూడా మారుతుంది. సెప్టెంబరులో తెల్లవారుజామున లేచినవారికి ఫలితం దక్కితే, ఇప్పుడు ఉదయం పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి వరకే మంచి సమయం. ఎండ తగిలి నీరు రెండు డిగ్రీలు వేడెక్కినా చేపలో కదలిక వస్తుంది.

నీటిలోకి దిగేవారికి

60 డిగ్రీల లోపు నీటిలో హఠాత్తుగా పడితే ఊపిరి ఎగబీలుతుంది. ఈతగాళ్లు కూడా తొలి నిమిషంలోనే నీళ్లు మింగుతారు. వేడర్లు (నీటిలో నడవడానికి వేసుకునే, నీరు దూరని పొడవాటి దుస్తులు) వేసుకుంటే నడుముకు బెల్టు బిగించాలి, అది లేకపోతే పడినప్పుడు లోపలికి నీరు నిండుతుంది. సస్క్వెహానా రాతి పలకల మీద పాచి విపరీతంగా జారుతుంది కాబట్టి మేకుల అడుగున్న బూట్లు, చేతికర్ర అవసరం; పొటోమాక్ వైపు వెళ్లేవారు మేరీల్యాండ్‌లో ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని లాంటి గుడ్డ) అడుగున్న బూట్లు నిషిద్ధమని గుర్తుంచుకోవాలి. తొడల పైకి వచ్చే వడినీటిని దాటే ప్రయత్నం చేయకూడదు. హారిస్‌బర్గ్‌లోని డాక్ స్ట్రీట్ ఆనకట్ట చూడడానికి చిన్న మెట్టులా ఉంటుంది గానీ, దాని కింద వెనక్కి తిరిగే నీరు పడవలనూ మనుషులనూ పట్టి ఉంచేస్తుంది, ఎందరో అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పడవతో దాని దరిదాపులకు పోవద్దు. పొడిబట్టలు కారులో, ఎక్కడ దిగుతున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి రావడం, ఈ రెండూ ప్రతిసారీ ఉండాలి.

నీరు 50 డిగ్రీల లోపు

నవంబరు సాగేకొద్దీ నదిలో తొంభై పాళ్లు ఖాళీ అయినట్టే లెక్క. చలికాలపు మడుగు అంటే కేవలం లోతు కాదు, ఈ ఒక్క విషయం దగ్గరే చాలామంది పొరబడతారు. వరద వచ్చినా వడి తగలని చాటు ఉంటేనే చేపలు అక్కడ చలికాలం గడుపుతాయి. లంక చాటున, ఒడ్డునుంచి ముందుకు పొడుచుకొచ్చిన రాతికొస వెనుక, వాగు కలిసే మూలలో, ఆరడుగుల నీరున్నా సరే, నడినదిలో వడిగా పారే పన్నెండడుగుల గుండం కన్నా అది మేలు. నది మట్టం పెరిగిన రోజు ఒడ్డున నిలబడి ఎక్కడ నీరు నిశ్చలంగా ఉందో గుర్తుపెట్టుకుంటే, మట్టం దిగాక ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

ఈ నీటిలో ట్యూబ్‌ను దొర్లించడం కాదు, ఈడవాలి. ఒక అడుగు లాగి, ఐదు సెకన్లు ఆగి, మళ్లీ ఒక అడుగు. ఈకల జిగ్‌ను అడుగుకు కాస్త పైన, రీల్ తిరుగుతోందా లేదా అన్నంత మందంగా తేవాలి. నిశ్చలంగా ఉన్నప్పుడు కూడా ఈకలు ఊపిరి తీసినట్టు కదులుతాయి, చలికి మందగించిన చేపకు ఆ మాత్రం చాలు. చేప ముట్టడం కూడా తడి ఆకు తగులుకున్నట్టే ఉంటుంది. వరుసగా మూడు రోజులు వెచ్చగా ఎండకాసిన మధ్యాహ్నం ఈ మడుగుల మీద వెచ్చించదగ్గ సమయం. శీతగాలి వచ్చిన మర్నాడు కాదు.

స్మాల్‌మౌత్ గాలం పడగానే గాలిలోకి ఎగురుతుంది. అది పైకి వస్తున్నట్టు లైను చెబితే రాడ్ కొనను నీటి దగ్గరకు దించి, డ్రాగ్ (చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుతో వదలాలో నిర్ణయించే రీల్ బిరడా) కొంచెం వదులుగా ఉంచండి. ఒడ్డుకు తెచ్చాక చేతులు తడిపి, కింది పెదవిని పట్టి, పెద్ద చేపైతే పొట్ట కింద రెండో చెయ్యి ఆనించాలి. గాలి గడ్డకట్టే చలిలో ఉంటే మొప్పలు, కళ్లు త్వరగా దెబ్బతింటాయి కాబట్టి ఫోటో కోసం ఆలస్యం చేయకుండా నీటిలోనే గాలం తీసి వదిలేయడం ఉత్తమం. ఈ నదుల్లో ఇరవై అంగుళాల బాస్ ఎదగడానికి పదేళ్లకు అటూ ఇటూ పడుతుంది, అలాంటివి ఎన్నో ఒకే మడుగులో కిక్కిరిసి ఉంటాయి. అందుకే చలికాలపు మడుగు దొరికితే అరడజను చేపల తర్వాత ఆపేయాలని నా అభిప్రాయం. ఆ చోటును ఫోటోల నేపథ్యంతో సహా ఊరంతా చాటడం ఇంకా పెద్ద నష్టం. నీరు 40 డిగ్రీలకు దిగి, రాడ్ వలయాల్లో మంచు పేరుకోవడం మొదలైతే చేప వారానికొకసారి తింటుందో లేదో అన్నట్టు ఉంటుంది. అప్పుడు రీల్ విప్పి నూనె పెట్టి, బ్రెయిడ్‌ను మంచినీటితో కడిగి ఆరబెట్టి, తుప్పు పట్టిన గాలాలను మార్చి, పెట్టెను వచ్చే మార్చి నెల వరకు మూసేయవచ్చు.